చుట్టపుచూపూ, పరిహాసమూ

ఊరికి క్రొత్తవాడు రావడము ఊరివారికి ఒక వేడుక. వెళ్ళిపోయిన తరువాత ఆ ఊరిని గూర్చి నలుగురిలో చెప్పడము వచ్చినవానికి ఒక వేడుక. మొదటి వేడుకలో ఆతిథ్యము ఉంటుంది. రెండవదానిలో తరచుగా పరిహాసము ఉంటుంది. చుట్టపుచూపుగా ఒక పూట గడిపి వచ్చినవాడు ఆ ఊరి నీటిని గూర్చి ఒక మాట, కూటిని గూర్చి ఒక మాట, భాషను గూర్చి ఒక మాట తప్పక మోసుకొని వస్తాడు. వాటికి ఉప్పూ కారమూ చేర్చి చెప్పితే నవ్వు పుట్టుతుంది. పల్లెలను గూర్చి పట్టణములలో చెప్పుకొనే హాస్యములో పెద్దపాలు ఇట్లా పుట్టినదే.

నవ్వు తగదని చెప్పడము ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. నవ్వు లేని చోట స్నేహము కూడా అంతగా నిలువదు. అయితే ఆ నవ్వులో తెలిసినది ఎంత, తెలియనిది ఎంత, అది ఎవరిని దగ్గరకు తీస్తున్నది, ఎవరి నోరు మూయిస్తున్నది అన్న విచారణ అవసరము. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఇది మరీ అవసరము. ఏలననగా ఊరి మీది పరిహాసము కచేరీ చావడిలోకన్న, రైలుపెట్టెలోకన్న బడిగదిలో ఎక్కువ పని చేస్తుంది.

కంబదూరు దుమ్ము

అనంతపురము జిల్లాలో కల్యాణదుర్గమునకు దక్షిణముగా, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా కంబదూరు ఉన్నది. ఎర్రనేల, పైమట్టి పలుచన, నడుమ నడుమ రాతిగుట్టలు, వానను నమ్ముకొన్న వేరుశనగ చేలు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. బంగాళాఖాతము నుండి వచ్చే ఈశాన్యపు వాన ఇంత దూరము చేరేసరికి అలసిపోతుంది. అందుచేత ఈ జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. గోదావరి డెల్టాలో సుమారు దీనికి రెట్టింపు కురుస్తుంది. కంబదూరు వంటి పల్లెల మీద చెప్పుకొనే హాస్యమునకంతకూ ఈ ఒక్క అంకెయే పుట్టినిల్లు.

ఆ హాస్యపు మచ్చులు మన పాఠకులకు క్రొత్తవి కావు. అక్కడ చుట్టమునకు నెయ్యి అడుగకుండా వడ్డిస్తారట, నీళ్ళు మాత్రము అడిగినా కొలిచి పోస్తారట! గొడుగు పట్టుకొని వెళ్ళినవానిని చూచి ఊరి కుక్కలన్నీ మొరిగినవట, అవి గొడుగును ఎన్నడూ చూడలేదు గదా! వానచినుకు మీద పడి ఒక పిల్లవాడు మూర్ఛపోతే, తేర్చడానికి చల్లేందుకు నీళ్ళు లేక గుప్పెడు దుమ్ము చల్లినారట! ఇవి విన్నప్పుడు అనంతపురమువారు కూడా నవ్వుతారు. నవ్వనివాడు నవ్వు తెలియనివాడే. కాని ఈ కథలలో ఊరివాడు ఒక్కడూ లేడు. వాన లేదు, నీరు లేదు, దుమ్ము ఉన్నది. హాస్యము మనుష్యుల మీద అనుకొన్నాము. పరీక్షించి చూస్తే అది మేఘముల మీద.

ఇదే సంగతి సభలలో మరొక వేషము ధరిస్తుంది. దేశములో జైసల్మేరు తరువాత అనంతపురమే అన్న వాక్యము చెప్పి ఉపన్యాసకుడు నిట్టూర్చుతాడు. ఒకడు నవ్వుతాడు, ఒకడు నిట్టూర్చుతాడు. ఇద్దరికీ కనబడేది ఎండిన చెరువు ఒక్కటే. కంబదూరులో ప్రాచీనమైన మల్లేశ్వరాలయము ఉన్నదనీ, ఆ ప్రాంతములోనే ఉన్న హేమావతి ఒకనాడు నొళంబ రాజులకు రాజధాని అనీ, ఆ నొళంబుల శిల్పము దక్షిణదేశ శిల్పచరిత్రలో ఒక అధ్యాయమనీ ఇద్దరికీ పట్టదు. చుట్టపుచూపునకు దుమ్ము కనబడినంత సులభముగా గుడి కనబడదు.

ఆదిగురువు శ్రీనాథుడు

పొరుగుసీమకు పోయి, అక్కడి కూడూ నీరూ చూచి నవ్వే విద్యకు తెలుగులో ఆదిగురువు ఎవరని అడిగితే శ్రీనాథుని పేరు చెప్పవలసి ఉంటుంది. ఆయన పేర వ్యాప్తిలో ఉన్న చాటువులు అనేకము. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిలో ఇట్టి చాటువులను శ్రమపడి సమకూర్చి మనకు అందించినారు. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానములో విద్యాధికారిగా ఉండి, సన్నన్నమునకు అలవాటుపడిన కవి పలనాటికి పోయినాడు. అక్కడ రాళ్ళూ, ఊరూరా చిల్లర దేవతలూ, జొన్నకూడూ, తేళ్ళూ కనబడినవి. రసికునికి అది నివాసయోగ్యమైన చోటు కాదని తేల్చి పద్యములు చెప్పినాడు. ఆ పద్యములు నేటికీ తెలుగు పంతుళ్ళ నోట ఉన్నవి. పలనాటివారి నోట కూడా ఉన్నవి.

అదే కవి కర్ణాట రాజధానికి పోయినప్పుడు చెప్పిన చాటువు వేరొక తీరున ఉన్నది. అక్కడి వేషము తనకు ఎబ్బెట్టు. అక్కడి భోజనము తనకు పడదు. అయినను కుళ్ళాయి పెట్టుకొన్నాడు, వారి కట్టు కట్టుకొన్నాడు, వారి తిండి తిన్నాడు, చివరకు ఆ రాజ్యలక్ష్మినే దయచూడుమని వేడుకొన్నాడు. ఈ పద్యములో మనము కన్నడిగులను చూచి నవ్వము. కుళ్ళాయి పెట్టుకొని అవస్థపడుతున్న తెలుగు కవిని చూచి నవ్వుతాము. పలనాట ఆయన అధికారి, కర్ణాటకములో అర్థి. అధికారిగా పోయినవాడు ఊరిని చూచి నవ్వినాడు. అర్థిగా పోయినవాడు తన్ను చూచి తాను నవ్వుకొన్నాడు. నోరు ఒకటే, నిలుచున్న చోటు వేరు. పరిహాసపు శాస్త్రమంతా ఈ రెండు చాటువుల నడుమ ఉన్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

తరువాతి కథ మరింత చిత్రమైనది. పలనాటి కూటిని వెక్కిరించిన శ్రీనాథుడే పలనాటి వీరచరిత్రమును ద్విపదలో పాడినాడని సాహిత్య సంప్రదాయము చెపుతున్నది. చుట్టపుచూపునకు జొన్నకూడు కనబడినది, నిలిచి చూచినప్పుడు బాలచంద్రుడు కనబడినాడు. ఇక ఆ రాళ్ళ సీమకు ఏమైనది? 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలినారు. ఆ నీరు పారిన పలనాటి పొలములలో వరి పండినది, మిరప పండినది, ప్రత్తి పండినది. మనుష్యులు మారలేదు, నీరు వచ్చినది. దానితో అయిదువందల ఏండ్లుగా చెల్లిన పరిహాసము చరిత్ర అయిపోయినది. పలనాటివారు తక్కువవారై జొన్నకూడు తినలేదు. నీరు లేక తిన్నారు.

ఈ లెక్క డెల్టాకూ వర్తిస్తుంది. ఈనాడు సీమవారి రాగిసంగటిని చూచి చిరునవ్వు నవ్వే కృష్ణా గోదావరీ మండలములు 1832-33లో ఏ స్థితిలో ఉన్నవి? గుంటూరు సీమను ఖాళీ చేసిన ఆ కరువును డొక్కల కరువు అని జనము నేటికీ చెప్పుకొంటారు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తి అయినది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తి అయినది. ఆ రెండు కట్టలూ లేనినాడు వరి అన్నము డెల్టాలో కూడా ప్రతి ఇంటి సొమ్ము కాదు. అన్నము తినేవాడు సంగటి తినేవానిని చూచి నవ్వే నవ్వునకు వయస్సు, ఆనకట్టల వయస్సుకన్న ఎంతో ఎక్కువ ఉండజాలదు.

దగ్గరవారి మీదనే నవ్వు

ఇది తెలుగువారికే పట్టిన గుణము కాదు. ప్రాచీన గ్రీసులో ఏథెన్సు పట్టణమువారు పొరుగున ఉన్న బియోషియా సీమవారిని మందమతులనీ పందులనీ వెక్కిరించేవారు. కృషీవలుల పంచాంగము వంటి కావ్యము వ్రాసిన హెసియడ్ ఆ సీమవాడు; గ్రీకు గీతికారులలో మేటి అయిన పిండార్ కూడా ఆ సీమవాడే. అబ్దీరా అనే పట్టణము పేరు చెప్పితే గ్రీకులకు నవ్వు వచ్చేది. అక్కడివారి తెలివితక్కువ కథలు ఒక ప్రాచీన హాస్య సంకలనములో నేటికీ నిలిచి ఉన్నవి. పరమాణువులను గూర్చి ఆలోచించిన డెమోక్రిటస్ పుట్టినది ఆ అబ్దీరాలోనే!

ఇంగ్లండులో నాటింగుహాము సీమలో గోథం అనే పల్లె ఉన్నది. వసంతకాలము ఊరిని విడిచి పోకుండా ఉండడానికి కోయిలకు చుట్టూ కంచె వేసిన మూర్ఖులు ఆ ఊరివారని ఆంగ్లేయులు శతాబ్దముల తరబడి చెప్పుకొన్నారు. ఊరివారు చెప్పుకొనే కథ వేరు. జాన్ రాజు ఆ దారిని వస్తే రాజమార్గము వేయవలసి వస్తుందనీ, ఆ భారమంతా తమ మీద పడుతుందనీ భయపడి, రాజభటులు వచ్చిన దినము ఊరంతా పిచ్చివారివలె నటించినారట! భటులు నవ్వుకొంటూ తిరిగిపోయినారు. ఊరికి రాజు రాలేదు, భారము రాలేదు. ఇందులో మూర్ఖులు ఎవరో పాఠకులే నిర్ణయింతురు గాక.

క్రిస్టీ డేవిస్ అనే సమాజశాస్త్రవేత్త అనేక దేశముల పరిహాస కథలను పోల్చి 1990లో ఒక గ్రంథము ప్రకటించినాడు. మనుష్యులు తెలివితక్కువతనపు కథలను పూర్తిగా పరాయివారి మీద చెప్పరు. తమ భాషనే కొంచెము మార్చి మాట్లాడే దగ్గరివారి మీద, తమ సీమకు అంచున ఉన్నవారి మీద చెపుతారు అన్నది ఆయన గమనించిన ముఖ్య విషయము. మన అనుభవమునకు ఇది సరిపోతుంది. మనము జర్మనుల మీద కథలు చెప్పము, శ్రీకాకుళమువారి మీద చెపుతాము, సీమవారి మీద చెపుతాము, తెలంగాణమువారి మీద చెపుతాము. గోదావరివారి వెటకారమును గూర్చి మిగిలిన అందరమూ చెపుతాము.

ఈ నిచ్చెనకు పై మెట్టు లేదు. అనంతపురపు పలుకును చూచి నవ్విన కోస్తావాడు మద్రాసులో దిగగానే 'గొల్టి' అవుతాడు. అతడు ఊరుకోక 'అరవ గోల' అంటాడు. ఇద్దరూ కలిసి ఢిల్లీలో దిగితే ఇద్దరూ 'మద్రాసీలు'. అక్కడి నుండి విదేశమునకు పోతే ఢిల్లీవాడు కూడా వారితో సమానుడే. సీమవారు మాత్రము ఈ లెక్కకు బయట ఉన్నారా? వారూ సరిహద్దు దాటి వచ్చిన కన్నడ పలుకును అనుకరించి నవ్వుకొంటారు. నవ్వబడినవాడు మరొకనిని చూచి నవ్వకుండా ఉండడము లోకములో అరుదు.

బడిలో పడిన నవ్వు

నీటి మీది హాస్యము నీరు రాగానే పోతుంది. కూటి మీది హాస్యము కూడా కాలముతో మారుతుంది. నిన్నటి పేదల రాగిసంగటి ఈనాడు పట్టణపు భోజనశాలలలో ప్రత్యేక వంటకము. మాట మీది హాస్యము ఇంత తేలికగా పోదు. నీరు ఊరిది, కూడు ఇంటిది, మాట మనిషిది. దానిని చూచి నవ్వితే మనిషిని చూచి నవ్వినట్లే.

కంబదూరు ప్రాంతపు పిల్లవాడు గేదెను ఎనుము అంటాడు, నాగలిని మడక అంటాడు, దుకాణమును అంగడి అంటాడు, చీపురును పొరక అంటాడు, ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాడు, మరమరాలను బొరుగులు అంటాడు, మబ్బును మోడము అంటాడు. ఈ మాటలలో తప్పు ఏది? ఎనుమూ అంగడీ మన ప్రాచీన కావ్యములలోనే ఉన్నవి. మోడము కన్నడముతో పంచుకొన్న మాట. సరిహద్దున ఉన్న ఊరికి అది సహజమైన ఆస్తి. పిల్లవాడు 'వచ్చినాడు, పోయినాడు' అంటాడు. కోస్తాలో దానిని కుదించి 'వచ్చాడు, పోయాడు' అన్నారు. వ్యాకరణ గ్రంథములు చెప్పిన రూపమునకు ఈ ఇద్దరిలో ఎవరు దగ్గరగా ఉన్నారో తెలుగు పండితులకు నేను చెప్పనక్కరలేదు.

తెలుగు భాషలో ఇంతవరకు దొరికిన మిక్కిలి ప్రాచీన శాసనములలో ఒకటైన కలమళ్ళ శాసనము కడప జిల్లాలోనిది. క్రీస్తుశకము 575 ప్రాంతములో రేనాటి చోళులు వేయించినది. తెలుగును మొట్టమొదట రాతికెక్కించిన సీమ, తెలుగు సరిగా రాని సీమగా హాస్య కథలలో చెలామణి కావడము కాలవైపరీత్యము. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వములో మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును వెలువరించినారు. అది వ్యవసాయ పదములది. రెండవది చేనేత పదములతో 1971లో వచ్చినది. రైతు నోటి మాటను ఊరూరా తిరిగి అడిగి, ఏ సీమలో ఏ పేరో నమోదు చేసిన ఆ గ్రంథములో మడక ప్రక్కన నాగలి ఉంటుంది. ఒకటి శుద్ధము, ఒకటి అశుద్ధము అన్న విభజన ఉండదు. చుట్టపుచూపు నవ్వు విని పోతుంది, శాస్త్రపు చూపు అడిగి వ్రాసుకొంటుంది.

ఇక తరగతి గదిని ఒక్కసారి ఊహించుకొందాము. 'ఆలస్యమెందుకైనదిరా?' అని పంతులుగారు అడిగినారు. 'ఎనుము తప్పించుకొని పోయింటే పట్టుకొచ్చి కట్టేసినాను సార్' అని పిల్లవాడు చెప్పినాడు. పంతులుగారు పెదవి చివర నవ్వినారు. తరగతి ఆ నవ్వును అందుకొని బిగ్గరగా నవ్వినది. అంతటితో ఆ సంగతి పంతులుగారికి అయిపోయినది, పిల్లవానికి కాలేదు. మరునాటి నుండి అతడు ప్రశ్నకు జవాబు తెలిసినా లేవడు. లేచినా పుస్తకములోని వాక్యమును ఒప్పజెప్పుతాడుగాని తన వాక్యము చెప్పడు. వ్యాసము వ్రాయుమంటే వానాకాలము మీద అచ్చు పుస్తకములోని వర్ణన దించుతాడు. తొలకరిలో నేల పదును అయినదో లేదో చేతితో పిసికి చూడగలిగిన పిల్లవాడు, ఎన్నడూ చూడని నిండు చెరువును గూర్చి కలువలతో సహా వ్రాస్తాడు. ఆ వ్యాసమునకు మార్కులు కూడా వస్తాయి! ఒక చిరునవ్వునకు ఇంత వెల అవుతుందని ఆ పంతులుగారు ఎరుగరు.

ప్రమాణభాష నేర్పవద్దని నా భావము కాదు. పరీక్షకూ, పత్రికకూ, పరాయి ఊరికీ ఒక సామాన్య భాష కావలెను. 'ఎనుమును గేదె అని కూడా అంటారు, బర్రె అని కూడా అంటారు' అని మూడు మాటలూ నల్లబల్ల మీద వరుసగా వ్రాసిన ఉపాధ్యాయుడు ఆ పిల్లవానికి రెండు మాటలు అదనముగా ఇచ్చినాడు. 'ఎనుము కాదురా, గేదె' అని నవ్వినవాడు ఉన్న ఒక్క మాటనూ తీసుకొన్నాడు.

ఆతిథేయి నవ్వు

చుట్టము నవ్వుతున్నంతసేపు ఊరు ఊరకున్నదని అనుకోరాదు. ఊరికీ నవ్వు ఉన్నది. అది చుట్టము వెళ్ళిన తరువాత రచ్చకట్ట మీద మొదలవుతుంది. ఒక్కొక్కప్పుడు చుట్టము ఎదుటనే, అతనికి తెలియకుండా జరిగిపోతుంది. దాని తీరు తెలియడానికి ఒక సంభాషణను ఊహించుకొందాము. పట్టణమునుండి వచ్చినవాడు వేరుశనగ చేను గట్టున నిలుచున్నాడు.

'ఏం పెద్దాయనా, పూత బాగానే ఉన్నది. కాయ ఏ కొమ్మకు పట్టుతుంది?'

'కాయకు సిగ్గు సారూ. కొత్తోళ్ళు వస్తే బూమిలోకి పోయి దాంకుంటాది.'

'మీ ఊళ్ళో వాన ఎప్పుడు పడుతుంది?'

'మీరు గొడుగు మరిసి వచ్చిన దినం పడుతుంది సారూ.'

మధ్యాహ్నము సంగటి ముద్ద పెట్టినారు. చుట్టము కష్టపడి నములుతున్నాడు.

'నమిలితే దానికి కోపం వస్తాది సారూ. ఊరుబిండి అద్దుకొని మింగాల. ఇంగొక ముద్ద ఏసుకోండి.'

ఈ హాస్యము ఎట్టిదో చూడండి. చుట్టమును నవ్వినట్లే ఉన్నది. కాని అందులో వేరుశనగ పువ్వు రాలిన తరువాత ఊడ నేలలోకి దిగి కాయ ఊరుతుందన్న వృక్షశాస్త్రము ఉన్నది. సంగటి ఎట్లా తినవలెనో ఉపదేశము ఉన్నది. చివరకు ఇంకొక ముద్ద వడ్డించడము కూడా ఉన్నది. తెలియనివాని నవ్వు చూచినది చెప్పి ఆగిపోతుంది. తెలిసినవాని నవ్వు ఎదుటివానికి ఏదో ఒకటి నేర్పి పంపుతుంది.

పల్లెవాని హాస్యములో రెండవ పొర తనమీద తాను నవ్వుకొనేది. ఊడలు దిగే వేళకు వాన రాకపోతే పంట పోయినట్లే. అది తెలిసి కూడా ఏటేటా అప్పు చేసి విత్తనము వేసే రైతు తన సేద్యమును జూదమని తానే అంటాడు. అనంతపురము జిల్లాకు చెందిన కథకుడు, తెలుగు ఉపాధ్యాయుడు సింగమనేని నారాయణగారు 'జూదం' అన్న పేరుతోనే ఈ బ్రతుకును కథగా వ్రాసినారు. కరువు చూడడానికి పట్టణమునుండి అధికారుల బృందము వచ్చిన దినముననే వాన కురిస్తే, 'వానదేవునికి మొక్కడంకన్నా ఈ సార్లకు అర్జీ పెట్టుకోవడం మేలు' అనగలిగిన నోరు ఆ ఊరిది. ఈ మాటనే బయటివాడు అంటే ఎగతాళి. ఎండిన చేనిలో నిలుచున్నవాడు అంటే అది గుండెను నిలబెట్టుకొనే ఉపాయము. అందుచేత ఒక హాస్యము మంచిదా కాదా అని అడిగేటప్పుడు అది ఏమి చెప్పినదని మాత్రమే అడిగితే చాలదు, ఎవరు ఎక్కడ నిలిచి చెప్పినారని కూడా అడుగవలెను.

దీనికి కోస్తాలోనే ఒక చక్కని సాక్ష్యము ఉన్నది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగము 1924లో వచ్చినది. మొగల్తూరునుండి బయలుదేరి సీమకు పోయిన ఆ పల్లెటూరి పిల్లవాని అవస్థలకు నూరేండ్లుగా తెలుగువారు నవ్వుతూనే ఉన్నారు. ఒక్క మొగల్తూరువాడైనా నొచ్చుకొన్నట్లు వినము. కారణము స్పష్టము. కథ చెప్పేవాడు పార్వతీశమే. నవ్వించేవాడూ నవ్వబడేవాడూ ఒక్కరే అయినప్పుడు నవ్వులో ముల్లు ఉండదు.

నవ్వు పోయి భయము వచ్చినది

1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఇంద్ర' వంటి చిత్రముల తరువాత సీమను గూర్చిన బొమ్మ మారిపోయినది. దుమ్మూ సంగటీ వెనుకకు పోయి, కత్తులూ బాంబులూ ముందుకు వచ్చినవి. ముఠాకక్షలు సీమలో లేవని ఎవరూ అనరు. వాటికి బలి అయిన కుటుంబములు ఉన్నవి. అయితే వాన కోసము ఆకాశమును చూచే లక్షలమంది రైతులు, బెంగుళూరునకు కూలికి పోయే బస్సులు, ఆ బస్సులలో పోయే తల్లిదండ్రులకోసము తాత దగ్గర మిగిలిన బడిపిల్లలు ఆ తెరమీద ఎంత తరచుగా కనబడినారు? సీమ పిల్లవాడు పై చదువునకు పట్టణము వెళ్ళితే తోటివారు 'బాంబు తెచ్చినావా?' అని హాస్యమాడుతారు. దుమ్ము కథకు తిరిగి ఒక దుమ్ము కథ చెప్పవచ్చును. ఈ ప్రశ్నకు చెప్పదగిన చమత్కారము ఏమున్నది? ఎదుటివాడు బదులు చెప్పడానికి సందు లేని హాస్యము హాస్యముగా మొదలైనా నిందగా ముగుస్తుంది.

వచ్చి నిలిచినవారు

సీమకు చుట్టపుచూపునకు వచ్చినవారే కాక, వచ్చి నిలిచినవారూ ఉన్నారు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీవారికి దత్తము చేసినాడు. ఆ సంవత్సరమే కలెక్టరుగా వచ్చిన టామస్ మన్రో 1807 వరకు ఉన్నాడు. పన్ను నిర్ణయించడమే ఆయన పని. అయినను డేరాలలో బస చేస్తూ పల్లెపల్లె తిరిగి, రైతుతో రైతు భాషలో మాట్లాడినందున జనము ఆయన పేరు మరువలేదు. 1969లో అనంతపురము వచ్చిన స్పెయిను దేశీయుడు విన్సెంటు ఫెర్రరు 2009లో ఇక్కడనే కన్నుమూసినాడు. బావులూ బడులూ ఆసుపత్రులూ ఆయన రాకకు గురుతులుగా ఉన్నవి.

ఈ వరుసలో తెలుగువారికి మరీ దగ్గరివారు చిలుకూరి నారాయణరావుగారు. ఆయనది శ్రీకాకుళపు ప్రాంతము. పరిహాస కథల లెక్కలో అదీ అంచు సీమయే. అనంతపురములోని దత్తమండల కళాశాలలో అధ్యాపకులై, భాషాచరిత్ర పరిశోధించి, జనుల నోటి సామెతలను జీవితకాలము ఏరినారు. దత్తమండలములనగా దానము చేయబడిన జిల్లాలు. ఒకడు ఇచ్చినాడు, ఒకడు పుచ్చుకొన్నాడు. అక్కడ నివసించేవారి ఊసు ఆ పేరులో లేదు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు మార్చి రాయలసీమ అనవలెనని నారాయణరావుగారు సూచించినారు. సభ అంగీకరించినది. ఒక సీమ తన్ను తాను పిలుచుకొనే గౌరవనామము పొరుగునుండి వచ్చినవాని నోట పుట్టినది! చుట్టము ఊరికి ఇవ్వగలిగినది ఎగతాళి పేరు ఒక్కటే కాదని దీనివలన తెలుస్తున్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఊర్ల మీది హాస్యమును తరగతినుండి వెళ్ళగొట్టవద్దు. వెళ్ళగొట్టినా అది గోడ వెనుక చేరి మరింత పదునెక్కుతుంది. దానిని పాఠముగా చేయండి. బయటివారు మన ఊరిని గూర్చి చెప్పే హాస్యము ఒకటి, మన ఊరివారు బయటివారిని గూర్చి చెప్పే హాస్యము ఒకటి, మన ఊరివారు తమను గూర్చి తాము చెప్పుకొనేది ఒకటి ఇంటిలో పెద్దలను అడిగి వ్రాసుకొని రమ్మనండి. తెచ్చినవాటిని మూడు ప్రశ్నలతో పరీక్షించమనండి. ఇందులో ఊరిని గూర్చిన నిజము ఏమైనా ఉన్నదా? ఎవరిమీద చెప్పినారో వారి ఎదుట చెప్పగలమా? వారు బదులు చెప్పడానికి సందు ఉన్నదా? ఈ మూడింటికీ నిలిచిన హాస్యమును నోటు పుస్తకములో ఎక్కించమనండి. నిలువనిదానిని కూడా ప్రక్క పుటలో ఎక్కించి, ఎందుకు నిలువలేదో క్రింద వ్రాయమనండి.

వ్రాసేటప్పుడు ఎనుమును ఎనుము అనియే, మడకను మడక అనియే వ్రాయనివ్వండి. హాస్యమునకు ప్రాణము దాని పలుకులో ఉన్నది. ఆ పలుకును పిల్లవాడు తల ఎత్తి తరగతిలో చదివి, తాను నవ్వి, తోటివారిని నవ్వించిన దినమున, ఇంతకు ముందు పడిన నవ్వుకు బదులు చెల్లినట్లే.